ఆరు నెలలకని ఇచ్చిన తాళాలు: బర్మా తొలి దశాబ్దం, 1948–58

ముహూర్తం జ్యోతిష్కులే పెట్టారు. 1948 జనవరి 4, ఆదివారం, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలు. ఆ చీకట్లోనే రంగూన్‌లో బ్రిటిష్ జెండా దిగింది, బర్మా జెండా ఎగిరింది. కామన్వెల్త్ గొడుగు కూడా మాకొద్దని బర్మా మొదటి రోజే బయటికి వచ్చేసింది. ముహూర్తబలం ఏపాటిదో గానీ, మూడు నెలలు తిరక్కుండానే దేశంలో అంతర్యుద్ధం మొదలైంది.

బర్మా గురించి మామూలుగా వినిపించే కథ ఒకటుంది. 1950ల్లో ఆగ్నేయాసియాలో అందరికన్నా ముందున్న దేశం అది, 1962లో నే విన్ అనే జనరల్ వచ్చి సర్వనాశనం చేశాడు. విలన్ ఒక్కడే కాబట్టి ఈ కథ గుర్తుపెట్టుకోవడం తేలిక. పూర్తిగా అబద్ధమూ కాదు. కాకపోతే 1948 నుంచి 1958 దాకా జరిగినవాటిని వరసపెట్టి చూస్తే కథ ఇంకోలా కనబడుతుంది. సైన్యం ఒక రాత్రి వచ్చి తలుపు బద్దలు కొట్టి ఇల్లు ఆక్రమించిందనడం కుదరదు. ఒక్కో గది తాళాన్ని ఒక్కో సందర్భంలో పౌర ప్రభుత్వమే దాని చేతికి ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ, అప్పటికి సబబే అనిపించే కారణం కూడా ఉంది.

తెలుగువాళ్లకు ఈ దేశం కొత్తది కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పాతతరం నోట రంగూన్ పేరు 'రంగం'. 'రంగం వెళ్లాడు' అంటే ఓడెక్కి కూలికో వ్యాపారానికో పోయాడని అర్థం. పాత ఇళ్ల తలుపులు చూపించి 'బర్మా టేకు' అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్లు తెలుగు కూలీలను 'కోరింగీ'లు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా జాతీయవాదానికి అంత మంట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే ఈ ఒక్క లెక్క చాలు: సొంత రాజధానిలోనే వాళ్లు మైనారిటీ.

తోడల్లుళ్ల యుద్ధం

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మీదుగా యుద్ధం రెండుసార్లు నడిచి వెళ్లింది. 1942లో జపాన్ సైన్యం ధాటికి వెనక్కి పోతూ బ్రిటిష్‌వాళ్లు చమురు బావులను, శుద్ధి కర్మాగారాన్ని తామే ధ్వంసం చేశారు. 1945లో తిరిగొస్తూ, మిగిలిన వంతెనలు, రైలు మార్గాలు, పట్టణాల మీద బాంబులు వేశారు. యుద్ధానికి ముందు ఏటా 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసిన దేశం, స్వాతంత్ర్యం నాటికి అందులో సగం కూడా పంపలేని స్థితికి వచ్చింది.

నాయకుడూ మిగల్లేదు. 1947 జూలై 19 ఉదయం, రంగూన్ సచివాలయంలో మంత్రిమండలి సమావేశం జరుగుతుండగా సైనిక దుస్తుల్లో వచ్చిన ముష్కరులు లోపలికి దూరి కాల్పులు జరిపారు. ఆంగ్ సాన్‌తో కలిపి 9 మంది చనిపోయారు. ఆయన వయసు అప్పటికి 32. చేయించినవాడు మాజీ ప్రధాని యూ సా. అతన్ని మరుసటి ఏడాది ఉరితీశారు. ఖాళీ అయిన పీఠం మీద కూర్చోవలసి వచ్చినవాడు యూ ను. సాహిత్యాభిమాని, భక్తిపరుడు, ముఖం మీద నవ్వు చెరగని మనిషి. (పేరు ముందున్న 'యూ' పెద్దవాళ్లకు మర్యాదగా తగిలించే మాట, మనం బాబాయి అన్నట్టు. అంతకుముందు ఈ కుర్రాళ్లంతా పేరు ముందు 'థకిన్' అని పెట్టుకునేవారు. థకిన్ అంటే దొర. బ్రిటిష్‌వాళ్లను పిలవాల్సిన మాటతో తమను తామే పిలుచుకోవడం ఆ తరం వెటకారం.)

మొదటి తిరుగుబాటు సొంత ఇంట్లోంచే వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు థాన్ టున్, చనిపోయిన ఆంగ్ సాన్ తోడల్లుళ్లు, అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో భారత కమ్యూనిస్టు పార్టీ రెండో మహాసభ జరిగింది. రణదివే నాయకత్వంలో పార్టీ సాయుధ పోరాట పంథా పట్టింది, తెలంగాణ రైతాంగ పోరాటాన్ని దారిచూపే ఉదాహరణగా ఎత్తిపట్టింది. ఆ సభకు బర్మా నుంచి వచ్చిన ప్రతినిధి థాన్ టున్. ఆయన రంగూన్ తిరిగి వెళ్లాక, మార్చి నెలాఖరుకల్లా బర్మా కమ్యూనిస్టులు అడవి బాట పట్టారు. ఇక్కడ తెలంగాణలో 1951 అక్టోబరుకు పోరాటం విరమించారు. అక్కడ అది 1989 దాకా, అంటే నలభై ఏళ్లు సాగింది.

తర్వాత ఆంగ్ సాన్ సొంతంగా తయారుచేసిన వాలంటీర్ల దళంలో పెద్ద ముక్క విడిపోయి తుపాకులతో సహా తిరుగుబాటులో కలిసింది. సైన్యంలోనూ కొన్ని బెటాలియన్లు అటు పోయాయి. ఇక మిగిలింది కరెన్‌లు అనే మైనారిటీ జాతి. వీళ్ల నాయకుల్లో చాలామంది క్రైస్తవులు, వీళ్లలో ఎందరో బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్లు, ప్రపంచ యుద్ధంలో బర్మన్ (దేశంలో మెజారిటీ జాతి) జాతీయవాదులకు ఎదురు నిలబడి దెబ్బలు తిన్నవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక తమ గతి ఏమిటన్న భయం వాళ్లకు మొదటి నుంచీ ఉంది. 1948 క్రిస్మస్ ముందు రాత్రి దక్షిణాన పలా అనే ఊళ్లో ప్రభుత్వ సహాయక పోలీసులు చర్చిలోకి గ్రెనేడ్లు విసిరి, కరెన్‌లను పదుల సంఖ్యలో చంపారు. నెల తిరిగేసరికి, 1949 జనవరి 31న, రంగూన్‌ను ఆనుకున్న ఇన్సీన్‌లో యుద్ధం మొదలైంది.

ఈ ఇన్సీన్ దగ్గర కాస్త ఆగాలి. అది ఎక్కడో సరిహద్దు కాదు. రాజధానికి పది మైళ్లలోపు, లోకల్ రైలు వెళ్లే పేట. అక్కడ కరెన్‌లు 112 రోజులు నిలబడ్డారు. అప్పటి సైన్యాధిపతి స్మిత్ డన్ కూడా కరెనే. తిరుగుబాటు మొదలవగానే ఆయన్ను సెలవు మీద పంపేశారు. ఆ కుర్చీలో ఫిబ్రవరి 1న కూర్చున్నవాడు నే విన్. అదే నెలలో జీతాల కోతకు నిరసనగా ప్రభుత్వ ఉద్యోగులు సమ్మెకు దిగారు. మార్చిలో మాండలే పట్టణం తిరుగుబాటుదారుల చేతిలోకి పోయింది. బయటివాళ్లు దీన్ని 'రంగూన్ ప్రభుత్వం' అని ఎగతాళి చేసేవారు. దాని పాలన ఊరి పొలిమేర దాటదని.

అయినా కూలిపోలేదు. ప్రభుత్వం చేసిన గొప్ప పని కన్నా తిరుగుబాటుదారుల అనైక్యతే దీనికి ఎక్కువ కారణం. కమ్యూనిస్టులకు కరెన్‌లు సామ్రాజ్యవాదుల తొత్తులు, కరెన్‌లకు కమ్యూనిస్టులు మరో రకం బర్మన్లు, తెల్ల జెండా కమ్యూనిస్టులకు (థాన్ టున్ వర్గం) వాళ్ల నుంచి చీలిపోయిన ఎర్ర జెండా కమ్యూనిస్టులు ద్రోహులు. ఇండియా సహా కామన్వెల్త్ దేశాల నుంచి ఆయుధాలు, అప్పులు అందాయి. గొడుగు వద్దనుకున్నా వానలో అదే పట్టుకోవాల్సి వచ్చింది. 1951 నాటికి ముఖ్య పట్టణాలన్నీ ప్రభుత్వం చేతికి తిరిగొచ్చాయి. కానీ దేశాన్ని నిలబెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు బారక్స్‌లలో ఒకటే జవాబు పాతుకుపోయింది: మేమే.

పిలవని అతిథులు

లోపలి యుద్ధం సద్దుమణుగుతుండగా బయటి నుంచి ఇంకోటి వచ్చిపడింది. చైనాలో మావో గెలిచాక, ఓడిన చాంగ్ కై షేక్ సైన్యంలో ఒక భాగం 1950లో యునాన్ నుంచి సరిహద్దు దాటి షాన్ కొండల్లోకి దిగింది. జనరల్ లీ మీ వాళ్ల నాయకుడు. చైనా మీద వెనక నుంచి దాడి చేయిద్దామని అమెరికా సీఐఏ వాళ్లకు విమానాల్లో ఆయుధాలు పంపింది. అదే అమెరికా రంగూన్‌కు ఆర్థిక సాయమూ చేస్తోంది. యూ ను ప్రభుత్వం 1953లో ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసి, అమెరికా సాయం ఇక వద్దని చెప్పేసింది. కొత్త దేశానికి అది చిన్న ధైర్యం కాదు.

ఆ సైనికుల్లో కొన్ని వేల మందిని విమానాల్లో తైవాన్‌కు తరలించారు, మిగిలినవాళ్లు నల్లమందు వ్యాపారంలో స్థిరపడ్డారు. అయితే బర్మాలో దాని ఫలితం వేరే దిక్కున పడింది. విదేశీ సైన్యం కొండల్లో ఉంది కాబట్టి 1952 చివర్లో షాన్ రాష్ట్రంలో చాలా ప్రాంతాలను సైనిక పాలన కిందికి తెచ్చారు. అప్పటిదాకా అక్కడ సోబ్వాలనే వంశపారంపర్య సంస్థానాధీశులు ఏలుతుండేవారు. దేశపు మొదటి అధ్యక్షుడు సావ్ ష్వే థైక్ కూడా వాళ్లలో ఒకడే. మైదానం నుంచి భాష రాని సైనికులు వచ్చి బియ్యం అడగడం, బరువులు మోయించడం కొండ జనానికి చైనావాళ్ల దౌర్జన్యం కన్నా తక్కువగా ఏమీ అనిపించలేదు.

ఇక్కడ రాజ్యాంగంలో ఒక గడువు ఉంది. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో ఆంగ్ సాన్ షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. కలిసి స్వాతంత్ర్యం తెచ్చుకుందాం, మీ కొండల పాలన మీదే అన్నాడు. ఆ మాట మీద రాసిన రాజ్యాంగం షాన్, కరెన్నీ రాష్ట్రాలకు విడిపోయే హక్కు ఇచ్చింది, కాకపోతే పదేళ్లు ఆగాలని షరతు పెట్టింది. పదేళ్లంటే 1958 జనవరి. దశాబ్దమంతా ఆ తేదీ అటు కొండల్లోనూ ఇటు సైనిక కార్యాలయాల్లోనూ గోడ గడియారంలా మోగుతూనే ఉంది.

1953లో చైనా దళాల మీద చేసిన పెద్ద దాడి సైన్యం అనుకున్నట్టు సాగలేదు. అక్కడి నుంచి అధికారులు సైన్యాన్ని పునాది నుంచి తిరగ్గట్టారు. సైనిక అకాడమీ వచ్చింది, ప్రచార విభాగం వచ్చింది, సొంత పత్రిక వచ్చింది. అన్నిటికన్నా చూడదగ్గది ఒక కొట్టు. 1951లో 'రక్షణ సేవల సంస్థ' పేరుతో సైనికులకు పన్ను లేని సరుకులు అమ్మే క్యాంటీన్ పెట్టారు. సబ్బులు, సిగరెట్లు, బట్టలు. మన ఊళ్లలో మిలిటరీ క్యాంటీన్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ క్యాంటీన్ పదేళ్లలో బ్యాంకు, ఓడల కంపెనీ, దిగుమతుల వ్యాపారం, రంగూన్‌లో పేరుమోసిన డిపార్ట్‌మెంట్ స్టోర్ అన్నీ తన కిందికి తెచ్చుకుని, 1960 నాటికి దేశంలోకెల్లా పెద్ద వ్యాపార సంస్థ అయింది. పౌర ప్రభుత్వం దీన్ని అడ్డుకోలేదు. సైనికులకు సరుకు చవగ్గా దొరికితే ఎవరికి నష్టం?

28 బస్తాలు, 285 క్యాట్‌లు

ఇన్ని పనులకు డబ్బు ఒకే చోట నుంచి రావాలి: వడ్లు. 1952లో రూపాయి స్థానంలో క్యాట్ అనే సొంత నాణెం వచ్చింది, విలువ మాత్రం మన రూపాయితో సమానంగా ఉంచారు. ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు రైతు దగ్గర 100 బుట్టల వడ్లను 285 క్యాట్‌లకు కొనేది. బర్మా బుట్ట 46 పౌండ్లు. అంటే 100 బుట్టలు మన 75 కిలోల బస్తాల్లో దాదాపు 28. బస్తాకు పది క్యాట్‌ల పైచిలుకు. కొరియా యుద్ధంతో ప్రపంచ మార్కెట్‌లో బియ్యం ధర ఆకాశానికి ఎగిరింది. బోర్డు అదే పంటను ఆడించి, రైతుకు ఇచ్చినదానికి రెట్టింపుకు మించి విదేశాలకు అమ్ముకుంది. రైతుకు మాత్రం 285. తర్వాత ప్రపంచ ధర పడిపోయినప్పుడూ 285. ఏళ్లు గడిచాయి, సబ్బు ధర, బట్ట ధర పెరిగాయి, వడ్ల ధర కదల్లేదు.

దీనికీ ఒక తర్కం ఉంది. పట్నంలో బియ్యం చవగ్గా ఉండాలి, ఖజానా నిండాలి, ఆ డబ్బుతో కర్మాగారాలు కట్టాలి. పైగా ఈ ప్రభుత్వం రైతును కౌలు నుంచి విడిపించింది. 1930ల మాంద్యంలో అప్పులు తీర్చలేని రైతుల పొలాలు నాట్టుకోట్టై చెట్టియార్ల చేతికి వెళ్లాయి. తమిళనాడు నుంచి వచ్చిన ఈ వడ్డీ వ్యాపారుల చేతిలో ఆ దశాబ్దం చివరికల్లా ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి ఉంది. 1948 భూ జాతీయీకరణ చట్టం, 1950ల నడుమ వచ్చిన రెండో చట్టం ఆ భూస్వామ్యాన్ని తుడిచేశాయి. రైతు దృష్టిలో చూస్తే, చెట్టియారు పోయాడు, బోర్డు వచ్చింది. మంచి గింజకూ చచ్చు గింజకూ ఒకటే ధర అయ్యేసరికి నాణ్యత మీద శ్రద్ధ ఎందుకు పెడతాడు? బర్మా బియ్యం నాణ్యత ఏటేటా తగ్గుతోందని కొనే దేశాలు ఫిర్యాదు చేయడం మొదలైంది. 1954లో ఇండియా ఒక్కటే 9 లక్షల టన్నులు కొని ఆదుకుంది.

బియ్యం ధర మీదే 'ప్యిడోథా' అనే కల కూడా కట్టారు. ఆ మాటకు సుఖంగా ఉండే రాజ్యం అని అర్థం. 1952 ఆగస్టులో రంగూన్‌లో రెండు వారాల మహాసభ పెట్టి ప్రకటించారు. అమెరికన్ ఇంజనీరింగ్ కంపెనీ ఒకటి లావుపాటి నివేదిక రాసిచ్చింది. ఎనిమిదేళ్లలో, 1960కల్లా, దేశాన్ని యుద్ధానికి ముందున్న స్థాయి దాటించి చాలా దూరం తీసుకెళ్లాలి. జనం నోట అది 'ఇంటికో కారు' పథకమైంది. కారు రాలేదు గానీ, పల్లెల్లో కొంత జరిగింది. టౌన్‌షిప్‌కు (మన మండలం లాంటిది) ఇంత అని డబ్బు ఇచ్చి, ఊరివాళ్లు శ్రమదానం చేస్తే బావులు, చిన్న వంతెనలు, బడి గదులు లేచాయి. దశాబ్దపు పథకాలన్నిటిలోకీ జనం తమదనుకున్నది ఈ ఒక్క భాగాన్నే. పెద్ద కర్మాగారాల సంగతి వేరు. ఉక్కు మిల్లు వచ్చింది, మందుల ఫ్యాక్టరీ వచ్చింది. నడిపే ఇంజనీర్లు, ముడిసరుకు, సక్రమంగా కరెంటు మాత్రం వెంట రాలేదు.

1954 తర్వాత బియ్యం ధర పడిపోగానే కల మధ్యలోనే తెగింది. మిగులు బియ్యం అమ్ముడుపోక సోవియట్ యూనియన్, తూర్పు యూరప్ దేశాలతో మార్పిడి ఒప్పందాలు చేసుకున్నారు: బియ్యం ఇస్తాం, డబ్బుకు బదులు సరుకు పంపండి. వాళ్లు సిమెంటు పంపారు. ఒకదాని వెనక ఒకటిగా ఓడలు వచ్చాయి, బస్తాలు రేవులో దిగాయి, గోదాములు చాలలేదు. 1956 రుతుపవనాలు ఎవరి కోసమూ ఆగలేదు. రంగూన్‌లో వాన మేలో మొదలైతే అక్టోబరు దాకా వదలదు. ఆరుబయట పేర్చిన సిమెంటు వానకు తడిసి, బస్తాలు బస్తాలుగానే గడ్డకట్టింది. దేశమంతా పండించిన వడ్లు రేవు మీద రాళ్లుగా మారిన ఆ దృశ్యం చూశాక, ప్రణాళిక ఎందుకు విఫలమైందో వేరే నివేదిక చదవక్కర్లేదు.

కాబట్టి 'ఒకప్పుడు ఆసియాలోకెల్లా సంపన్న దేశం' అన్న మాట మీద కొంత అనుమానం ఉంచుకునే వినాలి. మొత్తం ఉత్పత్తి 1950ల మధ్యలో యుద్ధానికి ముందున్న స్థాయిని అందుకుంది. జనాభా పెరగడంతో తలసరి లెక్క మాత్రం దశాబ్దం చివరికి కూడా అక్కడికి చేరలేదు. ఆ పాత స్థాయి ఫలం ఎంతవరకు బర్మావాళ్లకే దక్కిందన్నది ఇంకో ప్రశ్న.

గుహలో 2,500 మంది భిక్షువులు

యూ నుకు మనసు పెట్టిన పని మాత్రం అనుకున్న తేదీకి పూర్తయింది. 1954 మే 17, బుద్ధ పూర్ణిమ. రంగూన్ శివార్లలో, కొత్తగా కట్టిన ప్రపంచ శాంతి పగోడా పక్కన, కాంక్రీటుతో ఒక కృత్రిమ గుహ కట్టించారు. బుద్ధుడి తర్వాత మొదటి సంగీతి (ధర్మ గ్రంథాలను పరిష్కరించే భిక్షువుల మహాసభ) జరిగిన రాజగృహంలోని సప్తపర్ణి గుహకు ఇది గుర్తు. అందులో ఆరో బౌద్ధ సంగీతి మొదలైంది. బర్మా, సింహళం, థాయిలాండ్, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన 2,500 మంది భిక్షువులు రెండేళ్లపాటు పాలీ త్రిపిటకాన్ని పదం పదం పరిష్కరించారు. మహాసి సయడో (సయడో అంటే గురు భిక్షువు) ప్రశ్న అడుగుతాడు, మింగున్ సయడో పుస్తకం చూడకుండా జవాబు చెబుతాడు. బుద్ధ పరినిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన 1956 మేలో ముగించారు. దీనికి ముందటి సంగీతి 1871లో, రాజుల కాలంలో, మాండలేలో జరిగింది. ఆ గొలుసు తమ చేతుల్లో తెగలేదని చూపించుకోవడం కొత్త ప్రభుత్వానికి చాలా ముఖ్యం. 1954 డిసెంబరులో రంగూన్‌లో జరిగిన ప్రపంచ బౌద్ధ సమావేశానికి అంబేడ్కర్ వెళ్లారు. మరో రెండేళ్లకు నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు.

ఇదే కాలంలో ఇంకో చిన్న సంగతి. రంగూన్‌లో ప్రభుత్వ ప్రధాన గణకాధికారి యూ బా ఖిన్. పగలు ఫైళ్లు, తీరిక దొరికితే ధ్యానం నేర్పడం. ఆయన దగ్గరికి 1955లో తలనొప్పి బాధతో వచ్చిన మాండలే పుట్టుక మార్వాడీ వ్యాపారి సత్యనారాయణ గోయెంకా. హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన కేంద్రంలో పది రోజులు మౌనంగా కూర్చుని వచ్చే మనవాళ్లు నేర్చుకునేది ఆ లెక్కల ఆఫీసరు నేర్పిన పద్ధతినే. ప్యిడోథా కన్నా అదే దూరం ప్రయాణించింది.

కానీ మతం రాజ్యం చేతిలోకి వచ్చేకొద్దీ కచిన్, చిన్, కరెన్ కొండల్లోని క్రైస్తవులకు అది తమ దేశం కాదేమోనన్న అనుమానం బలపడింది. 1961లో బౌద్ధాన్ని రాజ్య మతం చేసే నాటికి కచిన్‌లు కూడా తుపాకీ పట్టారు.

బయటి ప్రపంచంలో మాత్రం బర్మా మాటకు విలువ ఉండేది. కమ్యూనిస్టు చైనాను గుర్తించిన తొలి కమ్యూనిస్టేతర దేశం అదే, 1949 డిసెంబరులో. 1955 బాండుంగ్ సమావేశాన్ని తలపెట్టిన ఐదు దేశాల్లో ఒకటి. పంతనో అనే చిన్న ఊళ్లో హెడ్మాస్టరుగా ఉన్న యూ ను స్నేహితుడు యూ థాంట్ 1957లో ఐక్యరాజ్యసమితికి రాయబారిగా వెళ్లి, నాలుగేళ్లకు దానికే ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఇంట్లో పత్రికలు ప్రధానిని కడిగేసినా అడిగేవాళ్లు లేరు. యుద్ధం సాగుతుండగానే 1951–52లోనూ, మళ్లీ 1956లోనూ ఎన్నికలు జరిగాయి. ఇవన్నీ నిజమే, చిన్నవీ కావు.

రంగం తెలుగువాళ్లు ఈ వెలుగులో ఎక్కడా కనబడరు. 1930 మేలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ జరిగిన ఘోరమైన కొట్లాట, 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి పారిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. 1948 పౌరసత్వ చట్టం దరఖాస్తు పెట్టుకోమంది. చదువురాని రేవు కూలీలకు కాగితాల అవసరం ఏమిటో అర్థం కాలేదు, అర్థమైనవాళ్లలో చాలామంది ఎటు తేల్చుకోవాలో తెలీక ఊరుకున్నారు. విదేశీయుల రిజిస్ట్రేషన్, ఇంటికి డబ్బు పంపడం మీద ఆంక్షలు, ఉద్యోగాల్లో స్థానికులకే చోటు అన్న విధానం ఒకటొకటిగా బిగిశాయి. 1964లో నే విన్ ప్రభుత్వం కొట్లను జాతీయం చేసి, 50, 100 క్యాట్‌ల నోట్లు రద్దు చేశాక ఓడలెక్కి వచ్చినవాళ్ల పేరుతోనే విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. వాళ్లను పంపేసిన చట్టం 1964ది కావచ్చు, పరాయివాళ్లను చేసిన కాగితాలు మాత్రం ఈ దశాబ్దంలోనివి.

127–119

పాలక పక్షం పేరు ఫాసిస్టు వ్యతిరేక ప్రజా స్వాతంత్ర్య లీగ్. బర్మా పొడి అక్షరాల్లో 'ఫసపల'. రైతు సంఘం, కార్మిక సంఘం, సోషలిస్టులు, స్వతంత్రులు కలిసిన గంప అది. శత్రువు ఉన్నంతకాలం గంప నిలిచింది. 1956 ఎన్నికల్లో వామపక్ష కూటమి బలంగా ముందుకొచ్చేసరికి కంగారు పుట్టింది. పార్టీని శుద్ధి చేస్తానని యూ ను ఏడాది లోపు కాలానికి ప్రధాని పదవి వదిలి బా స్వేకు అప్పగించాడు, 1957లో తిరిగొచ్చాడు. శుద్ధి జరగలేదు. 1958 వేసవిలో పార్టీ రెండుగా చీలింది. యూ ను వర్గం పేరు 'శుభ్రమైన', బా స్వే, చా న్యేన్‌ల వర్గం పేరు 'స్థిరమైన'. సిద్ధాంత భేదం ఏమిటని వెతికితే పెద్దగా దొరకదు. పదేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేసిన కుటుంబాల మధ్య విసుగు, జిల్లాల్లో ఎవరి మనిషి పెత్తనం చేయాలన్న పంతం, అంతే.

జూన్ 9న పార్లమెంటులో అవిశ్వాసం మీద ఓటింగ్ జరిగింది. యూ ను 127–119తో గట్టెక్కాడు. సొంత పార్టీ ఎంపీల్లో ఎక్కువమంది అటువైపే వెళ్లారు. ఆయన్ను నిలబెట్టింది వామపక్ష కూటమి, మైనారిటీ జాతుల సభ్యులు. ఆ ఓట్లకు మూల్యంగా తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష, అరకాన్‌కు, మోన్‌లకు ప్రత్యేక రాష్ట్రాల హామీ. సైనికాధికారుల కళ్లతో చూస్తే: పదేళ్లుగా తాము ఎవరితో పోరాడుతున్నారో వాళ్లు అడవి నుంచి దిగివచ్చి ఊరేగుతున్నారు, కొండ రాష్ట్రాల విడిపోయే గడువు తెరుచుకుంది, పోలీసు దళాలు ఒక వర్గం వైపు, సైన్యం మొగ్గు ఇంకో వర్గం వైపు. సెప్టెంబరు నెలాఖరుకి రంగూన్ చుట్టూ దళాలు కదులుతున్నాయన్న పుకార్లతో నగరమంతా టెన్షన్. కల్నల్ ఆంగ్ జీ, కల్నల్ మాంగ్ మాంగ్ ప్రధానితో మాట్లాడారు. సెప్టెంబరు 26న యూ ను రేడియోలో చెప్పాడు: జనరల్ నే విన్‌ను ప్రభుత్వ బాధ్యత తీసుకోమని తానే ఆహ్వానించానని.

అది కుట్రా, ఆహ్వానమా? ఉన్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే రెండూ. తలుపు తట్టినవాడి చేతిలో తుపాకీ ఉంది, తలుపు తీసినవాడు 'రండి, మీకోసమే చూస్తున్నాను' అన్నాడు. అక్టోబరు 28న పార్లమెంటు నే విన్‌ను ప్రధానిగా ఎన్నుకుంది. రాజ్యాంగం ప్రకారం ఎంపీ కానివాడు ఆరు నెలలే ఉండగలడు, కాబట్టి ఆరు నెలలు అన్నారు. గడువు చాలలేదని రాజ్యాంగాన్ని సవరించారు. ఆ సవరణకూ పార్లమెంటే ఓటేసింది.

ఆ పద్దెనిమిది నెలలు సైన్యం పని బాగానే చేసింది, మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. రంగూన్ వీధులు శుభ్రపడ్డాయి, యుద్ధాల వల్ల వచ్చి చేరిన లక్షన్నరకు పైగా గుడిసెల జనాన్ని ఒక్కలప, థకేటా అనే కొత్త పేటలకు తరలించారు, ధరలు దిగాయి. 1959 ఏప్రిల్‌లో షాన్ సోబ్వాలు వంశపారంపర్య హక్కులు వదులుకుంటూ సంతకాలు పెట్టారు. పౌర శాఖల్లో కర్నల్‌లు కూర్చున్నారు. క్యాంటీన్ సంస్థ చేపల నుంచి బొగ్గు దాకా వ్యాపారాలు చేసింది.

1960 ఫిబ్రవరిలో, ఇచ్చిన మాట ప్రకారమే, ఎన్నికలు పెట్టారు. అక్కడ పార్టీకొక బ్యాలెట్ పెట్టె ఉండేది. యూ ను పెట్టె పసుపు రంగుది, భిక్షువుల కాషాయానికి దగ్గరగా, పైన ఆయన బొమ్మ. సైన్యానికి దగ్గరైన 'స్థిరమైన' వర్గం ఊడ్చుకుపోయింది. బా స్వే, చా న్యేన్ ఇద్దరూ సొంత సీట్లలోనే ఓడిపోయారు. వీధులు ఊడ్చినవాళ్ల మీద, ధరలు దించినవాళ్ల మీద జనం ఇచ్చిన తీర్పు అది.

సైనికాధికారులు ఆ ఫలితాన్ని శ్రద్ధగా చదివారు. 1962 మార్చి 2 తెల్లవారుజామున ట్యాంకులు వచ్చినప్పుడు పార్లమెంటును ఓటు అడగలేదు, ఆరు నెలలని గడువూ చెప్పలేదు. యూ నుతో పాటు, మొదటి అధ్యక్షుడు సావ్ ష్వే థైక్‌ను ఇంటి నుంచి పట్టుకెళ్లారు. ఆ ఇంట్లోనే ఆయన పదిహేడేళ్ల కొడుకు తూటాకు చనిపోయాడు. ఆయన అదే ఏడాది నవంబరులో జైల్లో చనిపోయాడు. బర్మాలో ఒకటికి మించి పార్టీలు పోటీచేసిన ఎన్నికలు మళ్లీ జరిగింది 1990లో.